పత్తి కట్టె, వరి కొయ్య, మక్క చొప్ప: ఏ వ్యర్థానికి ఏ సూక్ష్మజీవి పద్ధతి?

ఏప్రిల్ చివర్లో హన్మకొండ నుంచి పరకాల దిక్కు పోయినా, హుజూరాబాద్ దిక్కు పోయినా ఒకటే పొగ. యాసంగి వరి కోత మిషన్ దాటిపోయిన మర్నాడే కొయ్యకాళ్లకు అగ్గిపుల్ల పడుతుంది. కాలబెట్టొద్దని రైతుకు చెప్పేవాళ్లకు కొదవ లేదు. మరి కాలబెట్టకుండా ఏం చెయ్యాలని అడిగితే మాత్రం ఒకాయన వేస్ట్ డీకంపోజర్ అంటాడు, ఇంకొకాయన జీవామృతం అంటాడు, మూడో ఆయన వర్మీ కంపోస్టు షెడ్డు వెయ్యమంటాడు. మూడూ పనిచేసేవే, కాకపోతే ఒకే చోట, ఒకే నెలలో, ఒకే రకం చెత్త మీద కాదు.

నా అభిప్రాయం ముందే చెప్తా. సూక్ష్మజీవులు చవక, అవి ఎక్కడైనా దొరుకుతాయి. పిడికెడు పెంటకుప్ప మట్టిలోనే కోట్లకొద్దీ ఉంటాయి. ఖర్చంతా వాటికి కావలసిన తడికి, నత్రజనికి, చెత్తను ముక్కలు చేసే పనికి అవుతుంది. అందుకే ఏ సీసా కొనాలన్న ప్రశ్నతో మొదలుపెడితే దారి తప్పుతాం. మీ దగ్గర ఏ వ్యర్థం ఉంది, ఎప్పుడు ఉంది, పక్కన నీళ్లున్నాయా అన్న లెక్కతో మొదలుపెట్టాలి.

## ముందు తేల్చుకోవాల్సిన సంగతులు

చెత్త ఎంత మొండిది? సూక్ష్మజీవులకు కర్బనం అన్నం లాంటిదైతే నత్రజని కూర లాంటిది. ఇరవై అయిదు నుంచి ముప్పై పాళ్ల కర్బనానికి ఒక పాలు నత్రజని ఉంటే వాటి పని సాఫీగా సాగుతుంది. పెండలో ఈ లెక్క దాదాపు 20–25 దగ్గర ఉంటుంది. వరి గడ్డిలో 60–80 దాకా పోతుంది. అంటే గడ్డిని ఒంటరిగా వదిలేస్తే అవి నత్రజని కోసం నేలలోదే లాక్కుంటాయి. పత్తి కట్టెలో దీనికి తోడు లిగ్నిన్ అనే గట్టి పదార్థం ఎక్కువ. దాన్ని అన్ని సూక్ష్మజీవులూ ముట్టవు. జీలుగ, జనుము, పెసర కట్టె మెత్తనివి, నత్రజని ఉన్నవి. వాటికి ఏ మందూ అక్కర్లేదు, దున్నితే చాలు.

తర్వాతి పంటకు ఎన్ని రోజులు? వానాకాలం వరి నవంబర్‌లో కోసి డిసెంబర్ చివరికో జనవరికో యాసంగి నాటు వేసే వారికి నాలుగు నుంచి ఆరు వారాలు దొరుకుతాయి. యాసంగి కోసి వానాకాలం నాటేదాకా రెండు నెలలు దాటి ఉంటుంది, కానీ అది ఎండాకాలం.

తడి. అన్నిటికన్నా పెద్ద సంగతి ఇదే. చెత్తలో సగానికి పైగా, అంటే 50–60 శాతం తేమ ఉంటేనే కుళ్లడం నడుస్తుంది. చేత్తో ఒక ముద్ద తీసి పిడికిట్లో గట్టిగా పిసకండి. వేళ్ల సందుల్లో తడి మెరవాలి, ఒకటి రెండు చుక్కలు కనపడాలి. ధార కారితే నీళ్లెక్కువై గాలి ఆడట్లేదు. చెయ్యి విప్పగానే ముద్ద పొడిపొడిగా రాలితే లోపల ఏ పనీ జరగట్లేదు.

పెండ, మనుషులు. ఊళ్లో ఎడ్లు పోయి ట్రాక్టర్లొచ్చాక పెండ దొరకడమే కష్టమైంది. రెండు బర్లున్న ఇంటికి ఒక పద్ధతి, ఒక్క పశువూ లేని ఇంటికి ఇంకో పద్ధతి. కుప్ప తిరగెయ్యడానికి ఇద్దరు కూలీలు దొరకని ఊళ్లో తిరగేసే పద్ధతి ఎంత గొప్పదైనా కాగితం మీదే మిగిలిపోతుంది.

చివరికి ఏం కావాలి? నేల బలమా, పశువుల మేతా, వంట గ్యాసా, చేతిలో పైసలా? ఒకే గడ్డి ఈ నాలుగింటికీ పోదు.

## ఒక్క చూపులో

| పద్ధతి | దేనికి కుదురుతుంది | పట్టే కాలం | తడి, నీళ్లు | పెండ | వచ్చేది |
|---|---|---|---|---|---|
| పొలంలోనే కుళ్లబెట్టడం (డీకంపోజర్, సూపర్ ఫాస్ఫేట్) | వరి కొయ్యలు, మక్క చొప్ప | 3–5 వారాలు | నేల తడిగా ఉండాలి | అక్కర్లేదు | నేలకు సేంద్రియం, పొటాష్ |
| కుప్ప, నాడెప్ (ఇటుక తొట్టి) కంపోస్టు | అన్నీ, పత్తి కట్టె ముక్కలు చేస్తే | 3–4 నెలలు | ఓ మోస్తరు, విడతలుగా | కొంచెం చాలు | ఎరువు |
| వర్మీ కంపోస్టు | సగం కుళ్లిన మెత్తని చెత్త | దాదాపు 2 నెలలు | రోజూ చిలకరించాలి | బాగా కావాలి | అమ్ముకునే ఎరువు |
| యూరియా గడ్డి | ఎండు వరి గడ్డి | 3 వారాలు | ఒక్కసారే | అక్కర్లేదు | మేత |
| సైలేజ్ | పచ్చి మక్క చొప్ప | 30–45 రోజులు | అక్కర్లేదు | అక్కర్లేదు | మేత |
| పుట్టగొడుగులు | తాజా ఎండు వరి గడ్డి | 5–8 వారాలు | నాణ్యమైన నీళ్లు, గదిలో తేమ | అక్కర్లేదు | పైసలు, మిగిలిన గడ్డి ఎరువు |
| గోబర్ గ్యాస్ | పెండ, ఇంటి చెత్త | రోజువారీ | పెండకు సమంగా | తప్పనిసరి | గ్యాస్, స్లర్రీ (గ్యాస్ పోయాక మిగిలే పెండ నీళ్లు) |

ఈ పట్టిక పట్టుకుని నేరుగా షాపుకు పోకండి. కిందివి చదివాక మీ గడి ఏదో మీకే తెలుస్తుంది.

## వరి కొయ్యలు: పొలంలోనే కుళ్లబెట్టడం

మన దగ్గర ఎక్కువ మంది ప్రశ్న ఇదే కాబట్టి కాస్త ఆగి చెప్తా.

ఎకరంలో సుమారు రెండు టన్నుల గడ్డి, కొయ్య మిగులుతాయి. టన్ను గడ్డిలో 5–8 కిలోల నత్రజని, 12–17 కిలోల పొటాషియం ఉంటాయి. ఎకరం లెక్కన చూస్తే పొటాష్ ఒక్కటే దాదాపు ఒక బస్తా ఎమ్మోపీకి (పొటాష్ ఎరువుకు) సమానం. కాలబెడితే నత్రజని దాదాపు అంతా గాలిలో కలుస్తుంది. పొటాష్ బూడిదలో మిగిలినా మొదటి గట్టి వానకు కొట్టుకుపోయేది ఎంతో. కట్టలు కట్టి అమ్మినా ఆ పొటాష్ ట్రాక్టరెక్కి పోయినట్లే. అమ్మొద్దని అనను. ఆ బస్తా ఖర్చు కూడా లెక్కలో వేసుకుని ధర మాట్లాడుకోండి.

ఇప్పుడు మందుల సంగతి.

పూసా డీకంపోజర్. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ తయారు చేసిన శిలీంధ్రాల మిశ్రమం. 2020లో ఢిల్లీ ప్రభుత్వం పొలాల్లో చల్లించాక దేశమంతా పేరొచ్చింది. నాలుగు క్యాప్సూళ్లు, 150 గ్రాముల బెల్లం, 50 గ్రాముల శనగపిండితో విడతలు విడతలుగా 25 లీటర్ల ద్రావణం తయారవుతుంది. అది రెండున్నర ఎకరాలకు సరిపోతుంది. బెల్లం నీళ్లను మరిగించి, పైన తేలిన మురికి తీసి, చల్లారాక శనగపిండి, క్యాప్సూళ్లు వెయ్యాలి. నాలుగైదు రోజులకు పైన మెత్తటి తెట్టు కడుతుంది. అప్పుడు మళ్లీ చల్లారిన బెల్లం నీళ్లు కలుపుతూ పెంచాలి. మొత్తం పదిరోజుల పని. ఇంత ఓపిక లేనివారికి నీళ్లలో కలిపి చల్లే పొడి రూపం కూడా వచ్చింది. చల్లాక 20–25 రోజులు పడుతుంది.

వేస్ట్ డీకంపోజర్. ఘాజియాబాద్‌లోని జాతీయ సేంద్రియ వ్యవసాయ కేంద్రం 2015లో తెచ్చిన చిన్న సీసా. మొదట్లో ఇరవై రూపాయలకు ఇచ్చేవారు. 200 లీటర్ల నీళ్లలో రెండు కిలోల బెల్లం, సీసాలోది కలిపి పొద్దున సాయంత్రం కట్టెతో తిప్పితే 5–7 రోజుల్లో తయారు. అందులోంచి కొంచెం తీసి మళ్లీ కొత్త డ్రమ్ము పెట్టుకోవచ్చు. అందుకే చవక. అయితే ఊళ్లో ఒకరి డ్రమ్ము నుంచి ఇంకొకరు, వారి నుంచి వేరొకరు తెచ్చుకుంటూ పోతే చివరికి అందులో ఏముందో చెప్పడం కష్టం. ఏడాదికోసారైనా కొత్త సీసాతో మొదలుపెట్టడం మేలు.

జీవామృతం. 200 లీటర్ల నీళ్లు, పది కిలోల పెండ, 5–10 లీటర్ల మూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పు పిండి, గుప్పెడు గట్టు మట్టి. నీడలో రెండు రోజులు. ఇంట్లో పశువులుంటే ఇదే అన్నిటికన్నా సులువు. కొయ్యలు కుళ్లబెట్టడానికే చేసింది కాకపోయినా, సాగునీటితో వదిలితే సూక్ష్మజీవులను పొలంలోకి చేర్చే పని చేస్తుంది.

బెల్లం గురించి ఓ మాట. గుడుంబా గొడవతో నల్లబెల్లం మీద ఎక్సైజ్ వాళ్ల కన్ను ఎప్పుడూ ఉంటుంది. డ్రమ్ముకు రెండు కిలోలే కావాలి కదా, కిరాణంలో మామూలు బెల్లం తీసుకోండి. మూటల కొద్దీ నల్లబెల్లం బండి మీద వేసుకుని తిరిగి తలనొప్పి తెచ్చుకోకండి.

సూపర్ ఫాస్ఫేట్. ఇది సూక్ష్మజీవి కాదు, వాటికి బలం. కొయ్యలున్న మడికి నీళ్లు పెట్టి ఎకరాకు 50 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ చల్లి కలియదున్నమని మన వ్యవసాయ అధికారులు ఏళ్లుగా చెప్తున్నారు. నేలలో ఉన్న సూక్ష్మజీవులే పని చేస్తాయి. ఆ ఎరువు పంటకూ పనికొస్తుంది కాబట్టి ఖర్చు వృథా పోదు.

ఈ నాలుగింటిలో ఏది? నన్నడిగితే, తడి నేలలో దున్నడం ముందు, మందు తర్వాత. ముందు ఒకే మడిని గట్టేసి రెండు చేసి, ఒక దాంట్లో డీకంపోజర్ చల్లి, రెండోది అదే తడి, అదే దున్నకంతో మందు లేకుండా వదిలి చూడండి. తేడా మీ కంటికి కనపడితేనే మొత్తం పొలానికి ఖర్చు పెట్టండి. ఎండిన కొయ్యల మీద ఏప్రిల్ ఎండలో ఏ ద్రావణం చల్లినా సాయంత్రానికి ఆరిపోతుంది. అక్కడ అది బెల్లం నీళ్లు ఎండలో పోసినట్టే.

కాబట్టి కాలాన్ని బట్టి రెండు దారులు.

వానాకాలం వరి తర్వాత: నేలలో ఇంకా పదును ఉంటుంది, చలికాలం ముందు వాతావరణం కూడా కుదురుతుంది. కోసిన వారంలోపే డీకంపోజర్ చల్లి రోటవేటర్ వేసి, కాల్వ నీళ్లో బోరు నీళ్లో ఒక తడి ఇస్తే నాటు వేసే నాటికి మెత్తబడుతుంది. పూసా డీకంపోజర్‌కు మన దగ్గర అన్నిటికన్నా అనువైన కాలం ఇదే.

యాసంగి తర్వాత: ఎస్సారెస్పీ (శ్రీరాంసాగర్ ప్రాజెక్టు) కాల్వ బంద్, బోర్లలో నీళ్లు అడుక్కి పోయి ఉంటాయి. కొయ్యను రోటవేటర్‌తో నేలలో కలిపి వదిలెయ్యండి. జూన్‌లో మొదటి వానలకు నీళ్లు నిలిచాక దమ్ములో సూపర్ ఫాస్ఫేట్ వేసి, నాటుకు కనీసం రెండు మూడు వారాల ముందు ఒకసారి కలియదున్నండి. కుదిరితే మొదటి వానకే జీలుగ చల్లి నలభై అయిదు రోజులకు కలిపితే మొండి కొయ్యకు కావలసిన నత్రజని అదే ఇస్తుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, దాని గురించి చెప్పేవారు తక్కువ. కుళ్లని కొయ్యల మీదే నీళ్లు నిలబెట్టి నాటు వేస్తే గాలి లేని నేలలో వేరే రకం సూక్ష్మజీవులు పుంజుకుంటాయి. అవి గంధకాన్ని హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మారుస్తాయి. మడిలో నడుస్తుంటే బుడగలొస్తాయి, కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది. పిలక పీకి చూస్తే వేళ్లు నల్లగా ఉంటాయి. వ్యవసాయ శాఖ వాళ్లు దీన్నే సల్ఫైడ్ దుష్ప్రభావం అంటారు. రైతు యూరియా తక్కువైందనుకుని ఇంకో బస్తా చల్లుతాడు. అప్పుడు చెయ్యాల్సింది నీళ్లు తీసేసి, సన్నగా నెర్రెలు పడేదాకా ఆరబెట్టి, మళ్లీ పెట్టడం. ఏటా ఇదే కనిపించే మడి అయితే సూపర్ ఫాస్ఫేట్ కూడా తగ్గించండి, అందులో గంధకం ఉంది. ఆ మళ్లలో గడ్డి ఎత్తేసి బయట కుప్పలో కుళ్లబెట్టడమే మంచిది.

## పత్తి కట్టె: తొందరపడితే కుదరదు

భూపాలపల్లి, ములుగు, పరకాల చెల్కల్లో (ఎర్ర మెట్ట చేలల్లో) పత్తి కట్టెను గట్టుకు వేసి ఎండాకాలమంతా పొయ్యిలోకి వాడుకోవడం అలవాటు. దీంట్లో ఒక ప్రమాదం ఉంది. విచ్చుకోని గుడ్డి కాయల్లో గులాబీ రంగు పురుగు నిద్రపోయి ఉంటుంది. వానలకు లేచి కొత్త పంట మీద పడుతుంది. అందుకే కట్టెను ఫిబ్రవరిలోపే తేల్చెయ్యాలి.

ట్రాక్టర్ ష్రెడర్‌తో చేనులోనే ముక్కలు చేసి కలిపితే పని ఒక్క రోజులో అయిపోతుంది. కస్టమ్ హైరింగ్ సెంటర్‌లో యంత్రం ఉంటే అద్దెకు దొరుకుతుంది. పురుగు చాలావరకు చస్తుంది. అయితే ఫిబ్రవరి చెల్కలో తడి లేదు కదా, ఆ ముక్కలు జూన్ దాకా అలాగే ఉంటాయి. వాన పడ్డాక అవి కుళ్లుతూ నేలలోని నత్రజనిని లాక్కుంటాయి. మొలకెత్తిన పత్తి మూడు నాలుగు ఆకుల దశలో పాలిపోతుంది. కాస్త నత్రజని ముందుకు జరిపి ఇస్తే కోలుకుంటుంది. చెదలున్న నేలల్లో మాత్రం ఈ పద్ధతి వద్దు.

రెండో దారి, ముక్కలను బోరు దగ్గరికి తెచ్చి కుప్ప వెయ్యడం. ఇక్కడ ఏ శిలీంధ్రం వాడుతున్నామన్నది నిజంగా తేడా చేస్తుంది. ట్రైకోడెర్మా అనే శిలీంధ్రం మొక్కల పీచు పదార్థమైన సెల్యులోజును బాగా తింటుంది, లిగ్నిన్‌ను అంతగా తినదు. లిగ్నిన్‌ను విప్పేది తెల్ల కుళ్లు తెచ్చే శిలీంధ్రాలు, అందులో ముత్యపు చిప్ప పుట్టగొడుగు ఒకటి. దగ్గర్లో ఎవరైనా పుట్టగొడుగులు పెంచుతుంటే, కోతలైపోయాక పారేసే సంచులు అడిగి తెచ్చుకోండి. ఆ తెల్లని దారాలల్లుకున్న గడ్డిని పత్తి కట్టె ముక్కల మధ్య పొరలుగా వెయ్యండి. టన్నుకు అయిదు కిలోల యూరియాను నీళ్లలో కలిపి పొరల మీద చల్లండి. సీసాలు కొనే బదులు ఇది చవక, పైగా పని చేసే పద్ధతి.

కట్టె ముక్క రెండు అంగుళాలకు మించి ఉంటే మాత్రం ఏ శిలీంధ్రమూ కాపాడదు.

## కుప్ప, నాడెప్, ట్రైకోడెర్మా

పశువులు తక్కువున్న ఇంటికి నాడెప్ పద్ధతి బాగా కుదురుతుంది. పది అడుగుల పొడవు, ఆరు అడుగుల వెడల్పు, మూడు అడుగుల ఎత్తు ఇటుక తొట్టి. గోడల్లో గాలి ఆడేందుకు రంధ్రాలు వదలాలి. దాదాపు పదిహేను క్వింటాళ్ల చెత్తకు 100 కిలోల పెండ చాలు. మధ్యలో జల్లించిన మట్టి పొరలు, 1500–2000 లీటర్ల నీళ్లు. పైన మట్టితో మూసి మెత్తాలి. మూడు నాలుగు నెలల్లో ఎరువు. తిరగెయ్యాల్సిన పని లేదు. కూలీలు దొరకని చోట ఇదే పెద్ద లాభం. ఇటుకలకు ఒకసారి పెట్టుబడి, మట్టి మొయ్యడం కష్టం, ఇవి మైనస్‌లు.

మామూలు కుప్ప వేసేవారు ఒక ఇనుప సలాక దగ్గర ఉంచుకోండి. కుప్ప నడుమకు గుచ్చి పది నిమిషాలాగి తీసి పట్టుకోండి. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే లోపల 55–60 డిగ్రీలు ఉన్నట్టు, పని జోరుగా సాగుతోంది. ఈ వేడికే కలుపు గింజలు, చాలావరకు తెగులు క్రిములు చస్తాయి. సలాక చల్లగా వస్తే తడి చూడండి. తడి సరిగ్గానే ఉంటే తిరగెయ్యండి.

మిరప చేలకు, పసుపు మళ్లకు కుప్ప తప్ప వేరే దారి లేదు. వేరు కుళ్లు, దుంప కుళ్లు వచ్చిన చేను మొక్కల్ని అక్కడే దున్నేస్తే రోగాన్ని నాటినట్టే. వాటిని బయట కుప్పలో వేడికి వదలాలి. కుప్ప చల్లారాక, అంటే తయారైన ఎరువులో, 100 కిలోలకు ఒకటి రెండు కిలోల ట్రైకోడెర్మా విరిడే కలిపి, తడి గోనె కప్పి వారం పది రోజులు నీడలో ఉంచితే ఎరువంతా ఆకుపచ్చని బూజు పట్టినట్టు అవుతుంది. దుంప విత్తేటప్పుడు ఆ ఎరువు సాళ్లలో వెయ్యండి. జగిత్యాల, మెట్‌పల్లి దిక్కు పసుపు రైతులకు ట్రైకోడెర్మాతో వచ్చే అసలు లాభం ఇదే, చెత్త కుళ్లబెట్టడం దాని తర్వాతే. వేడి కుప్పలో ముందే వేస్తే అది బతకదు.

## వర్మీ కంపోస్టు

అమ్ముకోవాలనుకునేవారికి, కూరగాయల తోట ఉన్నవారికి. నీడ షెడ్డు కింద పదడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు బెడ్డు. రెండు మూడు కిలోల వానపాములు. రెండు నెలల్లో ఒక కాపు. చెత్తను నేరుగా వెయ్యకూడదు, పెండ కలిపి పదిహేను ఇరవై రోజులు సగం కుళ్లనివ్వాలి. వానపాములు తినేది గడ్డిని కాదు, గడ్డి మీద పెరిగిన సూక్ష్మజీవులను.

మన ఎండాకాలమే దీనికి శత్రువు. బెడ్డులో వేడి 35 డిగ్రీలు దాటిందంటే వానపాములు కిందికి పోతాయి, లేదంటే చస్తాయి. మే నెలలో రోజుకు రెండుసార్లు గోనెలు తడిపే మనిషి ఇంట్లో ఉంటేనే మొదలుపెట్టండి. చీమలు పడితే సగం కథ అయిపోయినట్టే, బెడ్డు చుట్టూ సన్న కాల్వ తీసి నీళ్లు నింపండి. పది ఎకరాల వరి గడ్డిని వర్మీతో తేల్చేస్తానంటే ఎవరూ నమ్మొద్దు, అంత పెండ ఎక్కడుంది?

## మేతగా మార్చడం

బర్లున్న ఇంట్లో గడ్డి కుళ్లబెట్టడం కన్నా పశువు కడుపులోకి పంపడమే తెలివి. ఎరువు ఎలాగూ వెనక నుంచి వస్తుంది.

వంద కిలోల ఎండు గడ్డికి నాలుగు కిలోల యూరియా, 50–60 లీటర్ల నీళ్లు. పొరలు పొరలుగా చల్లి, తొక్కి, టార్పాలిన్ గాలి చొరకుండా కప్పి 21 రోజులు వదలాలి. గడ్డి మీదున్న బ్యాక్టీరియా యూరియాను అమోనియాగా మారుస్తుంది, ఆ ఆవిరి గడ్డిని మెత్తబరుస్తుంది. మూడు శాతం చుట్టూ ఉండే మాంసకృత్తులు ఏడు శాతం దాకా పెరుగుతాయి. తీసిన గడ్డిని గంటసేపు ఆరబెట్టి, కొద్దికొద్దిగా అలవాటు చెయ్యాలి. ఆరు నెలల లోపు దూడలకు వద్దు. యూరియా నీళ్ల బకెట్‌ను పశువుకు అందే చోట ఒక్క క్షణం కూడా వదలొద్దు, తాగితే ప్రాణం పోతుంది.

సైలేజ్‌కు ఎండు మక్క చొప్ప పనికిరాదు. పచ్చి కంకులు అమ్ముకున్నాక మిగిలే పచ్చి చొప్ప కావాలి, తేమ 65–70 శాతం. సన్నగా నరికి, గాలి పోయేలా తొక్కి, సంచిలోనో గుంటలోనో మూస్తే లాక్టిక్ ఆమ్లం బ్యాక్టీరియా దాన్ని పుల్లగా, పాడవకుండా ఉంచుతుంది. హన్మకొండ చుట్టుపక్కల డైరీలు పెట్టినవారు దీన్ని తప్పకుండా చూడాలి. మే నెలలో పచ్చి మేత దొరకనప్పుడు దీని విలువ తెలుస్తుంది.

## పుట్టగొడుగులు, గ్యాస్

పుట్టగొడుగులు గడ్డిని తేల్చే పద్ధతి కాదు, గడ్డితో చేసే వ్యాపారం. రోజుకు అయిదు సంచులు, సంచికి కిలో ఎండు గడ్డి లెక్కన ఎకరం గడ్డి ఏడాదికి మించి వస్తుంది. కిలో ఎండు గడ్డికి అర కిలో నుంచి 800 గ్రాముల దాకా పచ్చి పుట్టగొడుగులు రావచ్చు. ముత్యపు చిప్ప రకానికి నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మన వాతావరణం కుదురుతుంది. ఎండాకాలానికి పాల పుట్టగొడుగు పెట్టుకోవాలి, అది 30–35 డిగ్రీలను తట్టుకుంటుంది. వానలో తడిసిన గడ్డి వద్దు. పుట్టగొడుగులు కోసిన రెండు రోజుల్లోనే అమ్ముడుపోవాలి. ముందు కొనేవారిని, తర్వాత స్పాన్‌ను (పుట్టగొడుగు విత్తనాన్ని) వెతకండి.

గోబర్ గ్యాస్ నాలుగైదు పశువులుంటేనే. రెండు ఘనమీటర్ల దీనబంధు రకం గ్యాస్ ప్లాంటుకు రోజుకు దాదాపు 50 కిలోల పెండ, అంతే నీళ్లు కావాలి. ఒక ఇంటి వంటకు సరిపోతుంది. వరి గడ్డి అందులో వేస్తే పైకి తేలి తెట్టు కట్టి ప్లాంటు మొరాయిస్తుంది. గడ్డి కోసం కాదు, స్లర్రీ కోసం దాన్ని తలుచుకోండి. స్లర్రీని కొయ్యల కుప్ప మీద పోస్తే నత్రజని, తడి, సూక్ష్మజీవులు మూడూ ఒకేసారి అందుతాయి. కూరగాయల చెత్త నుంచి పెద్ద ఎత్తున గ్యాస్ తీయడం హైదరాబాద్ బోయిన్‌పల్లి మార్కెట్లో చేసి చూపించారు, కానీ అది మార్కెట్ యార్డుల పని, రైతు ఒక్కడి పని కాదు.

## మీరెవరైతే ఏది

రెండెకరాల వరి, పశువుల్లేవు, కాల్వ కింద పొలం: పొలంలోనే కుళ్లబెట్టండి. వానాకాలం తర్వాత డీకంపోజర్, యాసంగి తర్వాత జీలుగ, సూపర్ ఫాస్ఫేట్. వేరే ఆలోచనే వద్దు.

కౌలు రైతు: ఇది ఎవరూ రాయని సంగతి. నేలలో కలిపిన సేంద్రియం ఫలితం రెండు మూడు పంటలకు గానీ పూర్తిగా రాదు. వచ్చే ఏడాది ఆ పొలం మీ చేతిలో ఉంటుందో లేదో తెలియదు. కౌలు మాట్లాడేటప్పుడే మూడేళ్లకు ఒప్పుకుంటే నేలలో కలపండి. లేకపోతే మీ వెంట తీసుకుపోగలిగేవే చెయ్యండి, గడ్డి కట్టలు, యూరియా గడ్డి, ఇంటి దగ్గర నాడెప్ తొట్టి.

చెల్కలో పత్తి, బోరు ఒక్కటి: ఫిబ్రవరిలోపు కట్టె పీకి ముక్కలు చెయ్యండి. సగం చేనులోనే కలపండి, సగం బోరు దగ్గర కుప్ప.

మిరప, పసుపు: కుప్ప, ఆ తర్వాత ట్రైకోడెర్మా కలిపిన ఎరువు. డీకంపోజర్ డ్రమ్ములతో మీకు పెద్దగా పని లేదు.

నాలుగైదు బర్లు, పాల అమ్మకం: మొదట మేత, పెండకు గ్యాస్ ప్లాంటు, మిగిలింది వర్మీ. ఇంట్లో ఆడవాళ్ల మీదే పని భారం పడకుండా ముందే మాట్లాడుకోండి. గోనెలు తడిపేది, స్లర్రీ మోసేది చాలా ఇళ్లలో వాళ్లే.

మహిళా సంఘం, ఊళ్లో నిరుద్యోగ యువకులు: చలికాలం పుట్టగొడుగులు, ఏడాదంతా వర్మీ. పుట్టగొడుగుల సంచులు వర్మీ బెడ్డులోకి పోతాయి. ఈ జంట బాగా నడుస్తుంది.

## కొనేటప్పుడు

ట్రైకోడెర్మా విరిడే పొడి ప్యాకెట్ మీద గ్రాముకు కనీసం 20 లక్షల జీవకణాలు (2×10⁶) ఉన్నట్టు రాసి ఉండాలి. తయారీ తేదీ చూడండి, ఆరు నెలలు దాటినది అడగనే వద్దు. షాపులో ఎండ పడే అరలో, ఎరువుల బస్తాల మీద పెట్టిన ప్యాకెట్ కొత్తదైనా లోపల చచ్చిందే ఉండొచ్చు. నీడలో ఉంచే షాపులో తీసుకోండి. వరంగల్, పొలాస (జగిత్యాల) ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానాల్లోనూ, కృషి విజ్ఞాన కేంద్రాల్లోనూ అడిగి చూడండి. ఇంటికి తెచ్చాక కార్బండాజిమ్ లాంటి బూజు మందు పట్టిన డ్రమ్ములో కలపకండి. మున్సిపల్ నల్లా నీళ్లయితే ఒక రాత్రి తెరిచి ఉంచి క్లోరిన్ పోయాక వాడండి. బోరు నీళ్లకు ఆ బాధ లేదు.